12 ఏళ్లు పాఠాలు చెప్పాక కంప్యూటర్ సపోర్ట్‌కి మారొచ్చా? (గుణుపూర్ నుంచి)

గుణుపూర్_టీచరమ్మ:
అందరికీ నమస్తే. మాది గుణుపూర్, రాయగడ జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, స్కూల్లో ఇంగ్లీషు. ప్రైవేట్ స్కూల్లో 12 ఏళ్ల నుంచి సైన్సు చెప్తున్నాను, బీఎస్సీ బీఈడీ. జీతం ఎంతని అడక్కండి, వేసవి సెలవులకి సగమే ఇస్తారంటే మీకే అర్థమైపోద్ది. విషయం ఏటంటే మా కంప్యూటర్ సార్ మానేసి రెండేళ్లయింది, ఒకరోజు ప్రొజెక్టర్ రాకపోతే నేను వెనకాల వైరు తీసి మళ్లీ పెట్టాను, అది వెలిగింది, అంతే, ఆ రోజు నుంచి ల్యాబ్ తాళాలు నా చేతికొచ్చేశాయి. ప్రిన్సిపాల్ గారి ప్రింటర్ నుంచి క్లర్క్ మర్చిపోయిన పాస్‌వర్డ్ దాకా "మేడమ్‌ని పిలవండి". మొదట్లో విసుక్కున్నాను గానీ ఇప్పుడు నిజం చెప్పాలంటే క్లాసు కన్నా అదే బాగుంది, చచ్చిపోయిందనుకున్న సిస్టమ్ లేచి కూర్చుంటే ఆ పూట అన్నం ఎక్కువ తింటున్నాను.

నాకు 38. ఇద్దరు పిల్లలు, మా ఆయనకి ఇక్కడే షాపు, కాబట్టి ఊరు వదలడం కష్టం. ఈ వయసులో ఐటీ సపోర్ట్ జాబ్ ఇస్తారా? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 వేలు కడితే జాబ్ గ్యారంటీ అంటున్నారు, కట్టమంటారా?

పాతపట్నం_కుర్రోడు:
అక్కా ముందు ఆ 45 వేలు బ్యాంకులోనే ఉంచండి. జాబ్ గ్యారంటీ అన్నవాణ్ని, ఆ మాట స్టాంప్ పేపర్ మీద రాసిమ్మనండి, ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

నేను విశాఖలో డెస్క్‌టాప్ సపోర్ట్, తొమ్మిదేళ్లు. అంతకుముందు పర్లాకిమిడిలో ట్యూషన్లు చెప్పేవాణ్ని, గుణుపూర్ ప్యాసింజర్‌లో నిలబడి తిరిగిన రోజులు అవి. ఈ పనిలో ఎల్1 (ఫిర్యాదు ముందుగా వచ్చే మెట్టు) అంటే మీరు స్కూల్లో చేస్తున్నదే, కాకపోతే ప్రతిదానికీ టికెట్ (ఫిర్యాదు ఏంటి, ఏం చేశామో నమోదు) రాయాలి. పాస్‌వర్డ్ రీసెట్, లాకైపోయిన అకౌంట్ తీయడం, ఔట్‌లుక్ మెయిల్ తెరుచుకోకపోవడం, వీపీఎన్ (బయట నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది), ప్రింటర్. మన చేతిలో తేలకపోతే ఏమేం చూశామో రాసి పై మెట్టు ఎల్2కి పంపాలి. ఆ రాయడమే చాలామందికి రాదు, "నాట్ వర్కింగ్, ప్లీజ్ చెక్" అని పంపేస్తారు, మీరు టీచర్ కాబట్టి అక్కడ మీకు ప్లస్.

ఒకటి చెప్తాను, నేను చేరిన కొత్తలోది. ఒక ఆఫీసులో ఒక గదిలో నెట్ పోయింది. మామూలుగా ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టి సిస్టమ్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) చూస్తాం, 169.254తో మొదలయ్యే నంబర్ కనపడితే, ఆ నంబర్లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదని, సిస్టమ్ తనకి తనే ఒక నంబర్ పెట్టేసుకుందని లెక్క, వైరో స్విచ్చో చూసుకుంటాం. అక్కడ అది కాదు, 192.168.0 అని వస్తోంది, ఆ ఆఫీసు నంబర్లేమో 10తో మొదలవ్వాలి. అంటే వేరే ఎవరో నంబర్లు పంచుతున్నారు! నిన్నటికీ ఇవాళకీ ఏటి మారింది అని అడిగితే అందరూ "ఏమీ లేదు సార్" అన్నారు. అక్కా మీకు తెలుసు కదా, కిటికీ అద్దం పగిలినప్పుడు క్లాసంతా ఇలాగే అంటుంది. నేనూ క్లాసులో అడిగినట్టే, ఎవర్నీ అనకుండా "ఎవరైనా కొత్తగా ఏదైనా ప్లగ్ పెట్టారా, ఛార్జర్ అయినా సరే" అని అడిగాను. ఒకాయన మెల్లిగా చెయ్యెత్తాడు. ఫోన్‌కి వైఫై కోసం ఇంటి రౌటర్ తెచ్చి గోడ పాయింట్‌కి పెట్టాడు, అది కూడా లాన్ పోర్టులో (సిస్టమ్స్ తగిలించే వైపు), దాంతో ఆ రౌటర్ గదందరికీ ఐపీలు పంచడం మొదలెట్టింది. పీకాం, ఐపీలు రెన్యూ చేశాం, నెట్ వచ్చేసింది. నాకు ఆ రోజు పనికొచ్చింది అడగడమే, సర్టిఫికెట్ కాదు.

కాశీపూర్_రోడ్డు:
నేను కాస్త చేదు చెప్తాను, ఏమీ అనుకోకండి మేడమ్. విశాఖ కథ వేరు, మన జిల్లా కథ వేరు. ఇక్కడ సపోర్ట్ అంటే ఎక్కువగా ఫీల్డ్ ఇంజనీర్, కంపెనీ పేరు పెద్దదే ఉంటుంది గానీ మనం దాని కింద కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు మనిషి. రాయగడ నుంచి మునిగుడ, బిసమ్‌కటక్, కాశీపూర్, వానాకాలంలో బైక్ మీద సీపీయూ పెట్టుకుని వెళ్లడం, అక్కడికెళ్తే కరెంటు లేదు, మళ్లీ రేపు రండి. పెట్రోల్ డబ్బులు మూడు నెలల తర్వాత ఇచ్చారు, అవీ కోసి. రెండేళ్లు చేసి మానేశాను, ఇప్పుడు మళ్లీ లెక్కలే చెప్పుకుంటున్నాను, సాయంత్రం ఆరుకి ఇంట్లో ఉంటున్నాను. మీకు పని నచ్చింది, సంతోషం, కానీ రోజుకి ఒక ప్రింటర్ బాగుచేయడం వేరు, పదిహేను ప్రింటర్లు వేరు.

బరంపురం_వదిన:
పై తమ్ముడు చెప్పింది నిజమే, నేను కాదనను. కానీ ఈవిడ అడిగింది ఊరు వదలకుండా కదా, దానికి ఇంకో దారి ఉంది, రిమోట్ హెల్ప్‌డెస్క్. నేను బరంపురంలో ఇంట్లో కూర్చునే చేస్తున్నాను. నన్ను తీసుకున్నది కంప్యూటర్ వచ్చని కాదు, తెలుగూ ఒడియా హిందీ మూడూ ఒకే మనిషి మాట్లాడుతుందని! మనం ఇదొక చదువని అసలు అనుకోం, బయోడేటాలో చివర్న ఎక్కడో రాస్తాం. పైన రాయండి. అయితే షిఫ్టులుంటాయి, వారానికి రెండు రాత్రులు నాకు పడతాయి, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మొదటి ఏడాది జీతం మీ ఇప్పటి జీతానికి దగ్గర్లోనే ఉండొచ్చు, అది కూడా తెలుసుకునే దిగండి.

చదువుకి గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ చూడండి, కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఉంటుంది, 2018 నుంచి ఉంది, నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, సెక్యూరిటీ అన్నీ మొదట్నుంచి చెప్తారు. నెలవారీ ఫీజు, కానీ ఫైనాన్షియల్ ఎయిడ్‌కి అప్లై చేసుకోవచ్చు. కాంప్టియా ఏ ప్లస్ అని సపోర్ట్ పనికి ఇంకో సర్టిఫికెట్ ఉంది, దానికి విలువ ఎక్కువే, కానీ అది రెండు పేపర్లు, ఒక్కోటి 90 నిమిషాలు, రెండిటికీ విడివిడిగా ఫీజు, మూడేళ్లకోసారి రెన్యూవల్. మన జీతాలకి మొదటి మెట్టు అది కాదని నా అభిప్రాయం. పాస్ మార్కు మొదటి పేపర్‌కి 675, రెండోదానికి 700 అంటారు, 900కి. శాతం లెక్క వేసుకోకండి, వాళ్ల స్కేలు 100 నుంచి మొదలవుతుంది (టీచర్లందరూ ఇక్కడే కాలిక్యులేటర్ తీస్తారు, నేనూ తీశాను).

ఇంకోటి, మీ ల్యాబే మీ ప్రాక్టీసు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. మీ సిస్టమ్స్‌లో ఏవి 11కి పనికొస్తాయో చూడండి, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) ఉందా, ఇంటెల్ అయితే 8వ తరం గానీ ఆ పైదా, ర్యామ్ కనీసం 4 జీబీ ఉందా. హాజరుపట్టీలాగ ఒక ఎక్సెల్ చెయ్యండి. ఇంటర్వ్యూలో "టీచర్ కదా, మీకేం అనుభవం ఉంది" అంటే అది చూపించొచ్చు.

గుణుపూర్_టీచరమ్మ:
అందరికీ థ్యాంక్స్. 45 వేలు కట్టట్లేదు, మా ఆయన అందరికన్నా ఎక్కువ సంతోషించాడు. కాశీపూర్ రోడ్డు మాష్టారూ, మీరు చెప్పింది నాకు బాగా పనికొచ్చింది, ఫీల్డ్ పని నావల్ల కాదని తేలిపోయింది. వదినగారూ, నిన్న లిస్టు మొదలెట్టాను, 22 సిస్టమ్స్‌లో 11కి పనికొచ్చేవి 3. మిగతావాటి వయసు మా తొమ్మిదో తరగతి పిల్లలంత ఉంది. జాబ్ మాత్రం మార్చి పరీక్షలయ్యేదాకా మానను, ఈలోపు రాత్రి ఒక గంట కోర్సు.

ఒక డౌట్. ప్రిన్సిపాల్ గారి ప్రింటర్ రోజూ మధ్యాహ్నానికి ఆగిపోతుంది, క్యూలో ఒక పేపర్ ఇరుక్కుని డిలీట్ కొట్టినా పోదు. నేను సిస్టమ్ రీస్టార్ట్ చేస్తున్నాను, అది తప్పా?

పాతపట్నం_కుర్రోడు:
తప్పు కాదక్కా, పెద్ద వైద్యం. విండోస్ సర్వీసెస్‌లోకెళ్లి ప్రింట్ స్పూలర్ (ప్రింట్లని క్యూలో పెట్టేది) ఆపండి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అని ఉంటుంది, దాంట్లో ఉన్న ఫైళ్లు తీసేసి స్పూలర్ మళ్లీ స్టార్ట్ చెయ్యండి. ప్రింటర్స్ ఫోల్డర్ తియ్యొద్దు, లోపలివే. రోజూ ఒకే టైముకి అవుతోందంటే మాత్రం ఆ టైముకి ఎవరు ఏం ప్రింట్ కొడుతున్నారో కనుక్కోండి. "ఏమీ లేదు మేడమ్" అంటారు, నమ్మకండి.