ఇంటి రక్షణకు పిస్టలా, రివాల్వరా? ఇద్దరి చేతులకూ సరిపోయేది కావాలి

వెన్నెలదారి:
లైసెన్స్ వచ్చింది. నేనూ, మా అమ్మా ఇద్దరం వాడగలిగేలా ఒకే తుపాకీ తీసుకోవాలని ఉంది. అమ్మకు వేళ్ల కీళ్లనొప్పులు, పట్టు తక్కువ. ఇంట్లో ఎనిమిదేళ్ల బాబు ఉన్నాడు. చిన్న రివాల్వర్ తీసుకోండి, తేలిగ్గా ఉంటుంది, జామ్ అవ్వదు అని చాలామంది చెబుతున్నారు. పిస్టల్ అయితే అమ్మ స్లైడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగం) లాగగలదా అని నా అనుమానం. బయటికి తీసుకెళ్లే పని లేదు. ఏ కేలిబర్ (తూటా కొలత), ఎంత బ్యారెల్, ఏ తూటాలు?

ఉక్కుపిడి:
చిన్న రివాల్వర్ మాత్రం వద్దండీ. తేలిగ్గా ఉండటమే దానితో వచ్చే చిక్కు. 2 అంగుళాల బ్యారెల్, అరకిలో లోపు బరువున్న 5 తూటాల .38 స్పెషల్ చేతిని గట్టిగా తన్నుతుంది, ఆ తోపును ఆపేంత బరువు దానిలో లేదు. పైగా డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (ఒక్క నొక్కుతోనే సుత్తిని వెనక్కి లేపి వదిలేది) నొక్కాలంటే చాలావాటిలో 5 కిలోల దాకా బలం పెట్టాలి. స్లైడ్ ఒకసారి లాగితే సరిపోతుంది, ఆ ట్రిగ్గర్‌ను మాత్రం ప్రతి తూటాకీ అంతే గట్టిగా నొక్కాలి. నొప్పి వేళ్లకు ఏది కష్టమో మీరే చూడండి. స్ట్రైకర్ పిస్టళ్లలో (సుత్తికి బదులు లోపల స్ప్రింగ్ పిన్నుతో పేల్చేవి) ట్రిగ్గర్ సాధారణంగా రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది.

బట్టల కింద దాచే అవసరం లేదు కాబట్టి మధ్య సైజు 9 ఎంఎం చూడండి, బ్యారెల్ 4 అంగుళాలకు తగ్గకుండా. గ్లాక్ 19 ఆ కొలతే: 4.02 అంగుళాలు, 15 తూటాలు. కొన్ని దేశాల్లో పౌరులకు 9 ఎంఎం, హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండే తూటా) కుదరవు, ముందు లైసెన్స్ షరతులు చదవండి.

చేతికి సరిపోతుందో లేదో కొనే ముందే తేల్చుకోవాలి. మ్యాగజైన్ (పిడిలో ఉండే తూటాల పెట్టె) తీసి, స్లైడ్ వెనక్కి లాక్ చేసి, చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత బ్యారెల్, ముంజేయి ఒకే వరుసలో ఉండేలా పిడిని వీలైనంత పైకి పట్టుకోండి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యలో పడాలి. వేలికొస మాత్రమే అందుతుంటే పిడి లావు, నొక్కిన ప్రతిసారీ గురి పక్కకు పోతుంది. పిడి వెనక భాగం మార్చుకునే వీలున్న మోడల్ అయితే చిన్నది బిగించి మళ్లీ చూడండి. అమ్మగారి చేతికి సరిపోయింది మీకూ పనికొస్తుంది, మీ చేతికి సరిపోయింది ఆవిడకు పనికొస్తుందని నమ్మకం లేదు.

స్లైడ్‌ను రెండు వేళ్లతో గిల్లినట్టు లాగితే ఎవరికైనా కష్టమే. పిస్టల్‌ను ఛాతీ దగ్గరికి తెచ్చి, ఎడమ అరచేయి మొత్తం స్లైడ్ వెనక భాగం మీద వేసి, కుడిచేత్తో పిడిని ముందుకు తోస్తూ ఎడమచేత్తో వెనక్కి లాగి, ఒక్కసారిగా వదిలేయాలి. మెల్లగా వదిలితే తూటా సగంలోనే ఆగుతుంది. ఇలా చేసేటప్పుడు బ్యారెల్ ఎడమపక్కకు తిరిగి పక్కవాళ్ల మీదికి పోవడం మామూలు, ఒంటిని తిప్పి బ్యారెల్ సురక్షితమైన వైపే ఉంచండి.

అలా కూడా రాకపోతే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ చూడండి, స్లైడ్ సులువుగా కదిలేలా చేసిందే అది, .380లోనూ 9 ఎంఎంలోనూ ఉంది. అయితే .380 చిన్న తూటా కదా, ఏ పిస్టలైనా తేలిగ్గా లాగొచ్చు అనుకోకండి. బ్లోబ్యాక్ .380లలో (స్లైడ్‌ను బరువు, స్ప్రింగ్ మాత్రమే ఆపేవి) స్ప్రింగ్ మంచి 9 ఎంఎం కన్నా గట్టిగా ఉంటుంది.

నిప్పురవ్వ:
ఉక్కుపిడి గారితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ రివాల్వర్‌ను పూర్తిగా కొట్టేయకండి. 4 అంగుళాల ఉక్కు .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు వేస్తే దాదాపు కిలో బరువు వల్ల తన్ను బాగా తగ్గుతుంది. పట్టు తక్కువవాళ్లకు పిస్టల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది: మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్‌తో పాటు పిడి కూడా వెనక్కి పోతుంది, స్లైడ్ పూర్తిగా వెళ్లదు, ఖాళీ కేసు (పేలిన తూటా గుల్ల) బయటికి రాకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. రివాల్వర్‌కి ఆ బాధ లేదు. తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే తర్వాతిది వస్తుంది.

జామ్ అవ్వదనడం మాత్రం తప్పు. కాలని మందు పలుకులు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (ఖాళీ కేసులను బయటికి తోసే భాగం) కిందికి చేరితే తూటాలుండే సిలిండర్ మూయడమే కుదరదు. ఖాళీ కేసులు తోసేటప్పుడు బ్యారెల్ పైకెత్తి ఉంచండి, ఆ కింద బ్రష్‌తో తుడుస్తుండండి. రెండూ రేంజ్‌లో అద్దెకు దొరికితే అమ్మగారి చేత యాభయ్యేసి తూటాలు కాల్పించి చూడండి. మొదటి ఐదు ఎవరైనా బాగానే కాలుస్తారు, చివరి పదిలో తేలుతుంది.

గోడచాటు:
తూటాల సంగతి. ప్రాక్టీస్‌కు మామూలు ఎఫ్‌ఎంజే (ముక్కు మొత్తం లోహపు తొడుగున్న తూటా), ఇంట్లో ఉంచడానికి హాలో పాయింట్. ఎఫ్‌ఎంజే మనిషిని దాటి అవతలికి పోతుంది. హాలో పాయింట్ విచ్చుకుని ఆగే అవకాశం ఎక్కువ. ఎఫ్‌బీఐ జెల్ పరీక్షలో (ఒంటి కండకు బదులు జెల్ దిమ్మలోకి కాల్చి చూసేది) 12 నుంచి 18 అంగుళాలు దిగిన తూటాను ఎంచుకోండి. కానీ జిప్సం బోర్డు గోడను ఏ పిస్టల్ తూటా అయినా దాటుతుంది. ఆ పొడి ముక్కు గుంటలో నిండితే హాలో పాయింట్ విచ్చుకోకుండా ఎఫ్‌ఎంజేలాగే పోతుంది. బాబు ఏ గోడ వెనక పడుకుంటాడో చూసుకుని, ఏ వైపు కాల్చకూడదో ఇప్పుడే తేల్చుకోండి.

టార్చ్ విడిగా చేతిలో ఉండాలి. తుపాకీకి బిగించిన లైటుతో వెతికితే లైటు పడిన ప్రతి మనిషి మీదా బ్యారెల్ పెట్టినట్టే. ఆ మనిషి నీళ్లకోసం లేచిన మీ బాబు కావచ్చు.

నమ్మకం పెట్టుకునే ముందు మీ మ్యాగజైన్లన్నిటితో 200 ఎఫ్‌ఎంజే, ఇంట్లో ఉంచబోయే హాలో పాయింట్ 50 అయినా ఒక్క జామ్ లేకుండా కాలాలి.

వెన్నెలదారి:
చాలా థాంక్స్ అండీ. లాకర్‌లో చాంబర్ ఖాళీగా ఉంచాలా? రాత్రి తూటా ఎక్కించి పొద్దున్నే తీసేద్దామా?

గోడచాటు:
రోజూ ఎక్కించి తీయకండి. ఎక్కించిన ప్రతిసారీ బుల్లెట్ ముక్కు ఫీడ్ ర్యాంప్‌కి (తూటాను చాంబర్‌లోకి ఎక్కించే వాలుకు) కొట్టుకుని కేసులోకి కొంచెం కొంచెం దిగుతుంది. లోపల చోటు తగ్గి పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చవద్దు.

మీ విషయంలో చాంబర్ సంగతిని లాకరే నిర్ణయిస్తుంది. గోడకో నేలకో బోల్టులతో బిగించిన, బటన్లతో తెరుచుకునే ఉక్కు లాకర్ ఉండి, అమ్మగారు చీకట్లో తడుముతూ తెరవగలిగితే, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టి చాంబర్ నింపి ఉంచవచ్చు. లాకర్ మీద ఏ కాస్త అనుమానమున్నా చాంబర్ ఖాళీ. బీరువా పైన, పరుపు కింద పెట్టడం దాచడమే, తాళం వేసినట్టు కాదు. బాబు చూస్తుండగా కోడ్ నొక్కవద్దు. బ్యాటరీ ఏడాదికోసారి మార్చండి, అది చచ్చిపోతే తెరిచే తాళంచెవి ఇంట్లో బాబుకు దొరకని చోట ఉంచండి.