చెమటలో సీఆర్‌పీ చూసే పట్టీ వస్తే కీళ్లవాతం ఉన్నవారికి ఒరిగేదేమిటి?

వరంగల్ పాఠకురాలు: మా అమ్మకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్లవాతం. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఆ రోజు సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) చక్కగా ఉంటుంది, వారం తిరక్కుండా మణికట్లు వాచిపోతాయి. 2023లో అమెరికాలోని కాల్‌టెక్‌లో వెయ్ గావ్ బృందం చెమటలో సీఆర్‌పీని కొలిచి ఫోనుకు పంపే ‘ఇన్‌ఫ్లాస్టాట్’ పట్టీని ప్రకటించింది. మధుమేహం ఉన్నవారు చేతికి సెన్సర్ అతికించుకుని తిరుగుతున్నారు. అలాంటిది కీళ్ల రోగులకు ఎందుకు ఉండకూడదు?

ల్యాబ్ మనిషి: అమ్మా, ఆ రెంటికీ పోలిక కుదరదు. గ్లూకోజ్ సెన్సర్‌లో ఎంజైము పనిచేస్తుంది. ఒక అణువు పని ముగించి మరొకదాన్ని అందుకుంటుంది, అందుకే రోజుల తరబడి నడుస్తుంది. సీఆర్‌పీని పట్టాలంటే యాంటీబాడీ కావాలి. అది ఒకసారి పట్టుకుంటే సులభంగా వదలదు. ఒక కొలతతో ఆ సెన్సర్ పని సరి! పైగా గ్లూకోజ్‌ను మిల్లీమోలార్లలో లెక్కిస్తాం, చెమటలో సీఆర్‌పీ ఉండేది పికోమోలార్లలో. అంటే వంద కోట్ల రెట్లు చిన్న కొలమానం. చెమట ఎక్కువ పోస్తే లెక్క మారుతుందని ఆ పట్టీలో ఆమ్లత, లవణాలు, ఉష్ణోగ్రత కూడా కొలుస్తున్నారు. తెలివైన పనే, కాదనను. అయితే వాళ్లు పరీక్షించింది ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం, ఇన్‌ఫెక్షన్లు ఉన్నవారి మీద. కీళ్లవాతం మీద కాదు.

కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ అనే మందు వాడుతున్న వ్యక్తి: అసలు చిక్కు వేరే ఉంది. సీఆర్‌పీ కీలులో పుట్టదు, ఐఎల్-6 అనే, వాపును రేపే ప్రొటీన్ సంకేతం అందుకుని కాలేయం తయారుచేస్తుంది. నా మందు ఆ సంకేతాన్నే అడ్డుకుంటుంది. వేళ్లు ముడవలేని రోజున కూడా నా సీఆర్‌పీ ముద్దుగా తక్కువే ఉంటుంది. వైరల్ జ్వరం వస్తే మీ అమ్మగారి పట్టీ కీళ్లు బాగున్నా గగ్గోలు పెడుతుంది. డాక్టరు 28 కీళ్లు నొక్కి చూసి జబ్బు తీవ్రతను అంచనా వేసే డాస్-28 లెక్కను ఏ పట్టీ ఇస్తుంది? (అందులో పాదాలు లేవన్నది నా పాత ఫిర్యాదు.)

వరంగల్ పాఠకురాలు: టోసిలిజుమాబ్ వాడేవారికి పనికిరాదు, ఒప్పుకుంటాను. అమ్మ వాడేది మెథోట్రెక్సేట్ అనే వేరే మందు. ఇక ఒకే కొలత అన్నది నాకు లోపంగా కనిపించడం లేదండీ. రక్తంలో సీఆర్‌పీ సగానికి తగ్గడానికే సుమారు 19 గంటలు పడుతుంది. గంటగంటకూ చూసి చేసేదేమిటి? రెండు రోజులకో కొత్త పట్టీ చాలు. మూడు నెలల చీకటి కంటే అది నయం.

ల్యాబ్ మనిషి: అంకె పెరిగిందని మందుల దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కుంటే?

వరంగల్ పాఠకురాలు: అలా కొనేవాళ్లు పట్టీ లేకుండానే కొంటున్నారు. ఆ అంకెలు నేరుగా డాక్టరుకు వెళ్లే ఏర్పాటు అడగండి. దాన్ని కీళ్లవాతం రోగులపై, కీళ్ల అల్ట్రాసౌండ్‌తో పోల్చి పరీక్షించమని అడగండి. అసలు వద్దనడం మాత్రం నాకు మింగుడుపడదు.