‘ప్రజలే’లో ఆ ఏకారం

హిందూపురం: “సమాజమే దేవాలయం, ... దేవుళ్లు”. ఆ ఖాళీలో ఉన్నది ‘ప్రజలే’నా, ‘పేదలే’నా? పాపులిజం మీద వ్యాసం రాస్తూ ఇక్కడే ఆగిపోయాను.

ఆదోని: ‘ప్రజలే’. 1985లో ఎన్టీఆర్‌ని గెలిపించిన ఊరివాళ్లకు ఈ అనుమానమేంది స్వామీ! చూడాల్సింది ఏకారాన్ని. ‘ప్రజలు దేవుళ్లు’ అంటే పొగడ్త. ‘ప్రజలే’ అంటే ఇంకెవరూ కారని. పాపులిజమంతా ఆ ఒక్క అచ్చులోనే ఉంది: ప్రజలంటే మా వెంట ఉన్నవాళ్లే, ఎదుటివాళ్లు ఆ లెక్కలోకి రారు.

ప్రొద్దుటూరు: అది అవధారణార్థకం, అంటే నొక్కి చెప్పేది, సరే అన్నా, ప్రతి ‘ఏ’ వెలివేత కాదు. ‘మీరే దిక్కు’ అంటే మిగతావాళ్లను తరిమేసినట్టా? అప్పట్లో ఆ ‘ఏ’ బయట పెట్టింది ఢిల్లీలోని కాంగ్రెస్ అధిష్ఠానాన్ని. 1978 నుంచి 83 లోపల నలుగురు ముఖ్యమంత్రులు. నాలుగో ఆయన మీ కర్నూలు కోట్ల విజయభాస్కరరెడ్డే కదా.

ఆదోని: మా జిల్లాను ఎందుకు లాగుతావు? అధిష్ఠానం పోయాక ఆ ‘ఏ’ ఎవరి మీదికి తిరిగిందో అది చెప్పు.

కదిరి: ముందు పాపులిజానికి తెలుగేదో తేల్చండి. పేపర్లవాళ్లు ‘జనాకర్షక పథకాలు’ అని రాసి రాసి దాన్ని ఉచితాల కింద జమకట్టేశారు. 1892లో అమెరికా పీపుల్స్ పార్టీ అడిగింది ఉచితాలా? రైల్వేలు ప్రభుత్వం చేతికి రావాలంది, ఎక్కువ సంపాదించేవాళ్ల మీద ఎక్కువ ఆదాయపు పన్ను వేయమంది. ‘ప్రజారంజకం’ అంటే పోలా?

కడప: పోదు. రంజింపజేయడం రాజు పని. కాళిదాసు రఘువంశంలో చెప్పనే చెప్పాడు, ‘రాజా ప్రకృతిరంజనాత్’ అని, ప్రజలను రంజింపజేయడం వల్లే రాజు అని. అక్కడ ప్రజలు కూర్చుని చూసేవాళ్లు. పాపులిస్టు అలా కాదు, ‘నేను మీలో ఒకణ్ణి’ అంటాడు.

కదిరి: కాళిదాసు దాకా ఎందుకు సార్, మా కటారుపల్లె వేమన ఉండగా. జనాన్ని దేవుళ్లనలేదు, మొహం మీదే తిట్టాడు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా జనం నోట్లోనే ఉన్నాడు. ‘వినుర’ అంటాడు చూడండి, ఓటు అడిగేవాడు ఎవడైనా జనాన్ని ‘రా’ అనగలడా?

కడప: ఆ ‘రా’ జనానికి కాదు, వేమనకు. ‘వినుర వేమ’ అని సంబోధన స్పష్టంగా ఉంది. తనకు తానే చెప్పుకుంటున్నాడు.

ప్రొద్దుటూరు: తనకు తానైతే ‘విశ్వదాభిరామ’ ఎవరు? వేమనకు స్నేహితుడని చెప్పే అభిరాముడనే కంసాలి కథ తెస్తారా ఇప్పుడు?

కడప: కంసాలి కథ నేనెందుకు తెస్తాను? విశ్వద, అభిరామ విడదీసి చూడండి. రేపు వివరంగా రాస్తాను.

హిందూపురం: సార్, నా వ్యాసం రేపే ఇవ్వాలి.

కదిరి: ‘విశ్వద’లో దకారం హ్రస్వమా, దీర్ఘమా? అది ముందు చెప్పండి.