హీలా కణాలకు (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) శుద్ధ వ్యాక్ఏ వేసినా బుడగలు రావడం లేదు, ఎందుకు?

పెట్రిగిన్నె:
కడుపులో పుండ్లు తెచ్చే బాక్టీరియా హెలికోబాక్టర్ పైలోరి 60190 రకం ద్రవ కల్చర్ నుంచి జెల్ ఫిల్ట్రేషన్‌తో (పరిమాణం బట్టి వేరుచేసే పద్ధతి) తీసిన వ్యాక్ఏ ఇది, అంటే కణాల్లో బుడగలు పుట్టించే ఆ బాక్టీరియా విషప్రోటీన్. పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో, పీహెచ్ 7.4 దగ్గర నిల్వ ఉంది. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున వేసి రాత్రంతా ఉంచినా కణాలు చెక్కుచెదరలేదు. అదే కల్చర్ పైద్రవాన్ని శుద్ధి చేయకుండా వేస్తే మాత్రం కణాల నిండా బుడగలు. ఎస్‌డీఎస్ జెల్‌లో (ప్రోటీన్లను పరిమాణం బట్టి విడదీసి చూసే పరీక్ష) 88 కిలోడాల్టన్ల బ్యాండు చక్కగా ఉంది. శుద్ధి చేసేటప్పుడు విషం చచ్చిపోతోందా?

ఆమ్లబిందువు:
చచ్చిపోలేదండీ, తాళం వేసుకుని కూర్చుంది. ఆ బ్యాండును నమ్ముకోకండి. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ అన్నిటినీ విడగొట్టేస్తుంది కాబట్టి గొట్టంలో వ్యాక్ఏ ఏ రూపంలో ఉందో జెల్ చెప్పదు. మీ కాలమ్‌లో ముందు దిగే భాగం పువ్వు ఆకారపు పెద్ద గుంపులే. ఆరు, ఏడు, పన్నెండు అణువులు ఒకదానికొకటి పట్టుకుని, పొరలోకి దూరే జిడ్డు భాగాన్ని లోపల దాచుకుంటాయి. పీహెచ్ 5 కంటే దిగితే గుంపు విడిపోతుంది. విడి అణువులు కణపొర మీద మళ్ళీ ఆరేసి చేరి, క్లోరైడ్ లాంటి రుణ అయాన్లు పోయే రంధ్రం కడతాయి.

చేయాల్సింది: విషం ద్రావణంలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేసి పీహెచ్ 3కి తెచ్చి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. తర్వాత తటస్థం చేసి వెంటనే కణాల మీద వేయండి. ఆలస్యమైతే గుంపులు మళ్ళీ కట్టుకుంటాయి. ఆమ్లాన్ని నేరుగా మీడియంలో వేస్తే ప్రయోజనం లేదు, అందులోని బైకార్బొనేట్ మింగేస్తుంది. ఆమ్లానికి విషం పాడవుతుందని భయం వద్దు. కడుపులో బతకాల్సిన ప్రోటీన్, పెప్సిన్‌కు కూడా తట్టుకుంటుంది.

రెండుచుక్కలు:
పైమాటకు ఒకటి కలపాలి: మీడియంలో అమ్మోనియం క్లోరైడ్ 5 నుంచి 10 మిల్లీమోలార్ ఉండాలి. అది లేకపోతే రంధ్రం పడినా బుడగ సరిగా ఉబ్బదు.

వ్యాక్ఏ రంధ్రాలు ఎండోసోమ్ (కణం లోపలి సంచి) పొర మీదకు చేరాక క్లోరైడ్ లోపలికి పోతుంది. దాంతో విద్యుదావేశం సరితూగి, సంచిలోకి ప్రోటాన్లు నింపే ప్రోటాన్ పంపు ఇంకా గట్టిగా తోడుతుంది. అమ్మోనియా ఆవేశం లేకుండా పొర దాటి లోపలికి వచ్చి, ప్రోటాన్ పట్టుకుని అమ్మోనియం అవుతుంది. ఇక బయటికి పోలేదు. దాని వెంట నీరు చేరి, సంచి ఉబ్బుతుంది. కడుపులోనైతే యూరియేజ్ అనే ఈ బాక్టీరియా ఎంజైమ్ యూరియాను విరిచి ఈ అమ్మోనియాను అందిస్తుంది. మీ పైద్రవం పనిచేయడంలో యూరియేజ్‌కూ వాటా ఉండొచ్చు.

కంట్రోల్ కోసం ఒక గుంటలో బఫిలోమైసిన్ ఏ1 వేయండి. అది ప్రోటాన్ పంపును ఆపుతుంది, బుడగలు రాకూడదు. న్యూట్రల్ రెడ్‌తో (ఆమ్ల సంచుల్లో చేరే రంగు) బుడగలను కొలిస్తే విషం వేయని కణాల విలువ తీసేయడం మరవకండి, మామూలు లైసోసోమ్‌లు కూడా ఆ రంగు పట్టుకుంటాయి.

పెట్రిగిన్నె:
ధన్యవాదాలు. ప్రతికూల కంట్రోల్‌గా (బుడగలు రాకూడని పోలికగా) టీఎక్స్30ఏ అనే హెలికోబాక్టర్ రకం వ్యాక్ఏ సరిపోతుందా?

ఆమ్లబిందువు:
సరిపోతుంది, కానీ ఎందుకో తెలిసి వాడండి. అది ఎస్2/ఎం2 (ఎస్, ఎం అంటే రకాన్ని బట్టి మారే వ్యాక్ఏ జన్యువు భాగాలు). ఎస్2లో కొనకు 12 అమినో ఆమ్లాల నీటిని ఇష్టపడే తోక అదనంగా ఉండి రంధ్రాన్ని అడ్డుకుంటుంది. ఎస్1/ఎం2 మాత్రం ప్రతికూల కంట్రోల్ కాదు: హీలా కణాలను పట్టించుకోకపోయినా ఆర్కే13 అనే కుందేలు మూత్రపిండ కణాలను బుడగలమయం చేస్తుంది.

ఇంకో మాట, బుడగ కనిపించకపోతే నష్టం లేదనుకోవద్దు. వ్యాక్ఏ మైటోకాండ్రియా దాకా వెళ్ళి పొర విద్యుత్ పొటెన్షియల్‌ను దించుతుంది, కణం చావుకు దారితీసే సైటోక్రోమ్ సి ప్రోటీన్ బయటపడుతుంది. దానికి జేసీ-1 లాంటి రంగు వేసి చూడాలి, న్యూట్రల్ రెడ్ చాలదు.