కొండవాలు ఇంటికి ఊట నీరు: అంగుళం పైపా, రెండు అంగుళాల పైపా?

పొలంగట్టు
పద్మనాభం మండలంలో కొండవాలున మాకు కాస్త భూమి ఉంది. మధురవాడలో అద్దెకు ఉంటూ అక్కడ రెండు గదుల ఇల్లు కడుతున్నాము. ఆరుగురం మనుషులం, రెండు ఆవులు. కరెంటు స్తంభం ఇంకా రాలేదు. పైన ఒక ఊట ఉంది, మే నెలలోనూ ఎండదు. అక్కడి నుంచి ఇంటి వెనుక దిబ్బకు 600 మీటర్లు. మేస్త్రి నీళ్ల గొట్టం పట్టుకుని రెండు రోజులు మట్టం చూశాడు, 12 మీటర్ల పల్లం వచ్చింది. పైపుల కొట్టాయన రెండు అంగుళాలది వేసేయమంటున్నాడు, ప్లంబరు అంగుళం చాలంటున్నాడు. ఇద్దరూ స్థలం చూడలేదు. మీరేమంటారు?

పాత ఫిట్టరు
కొట్టాయన చెప్పిందే వినండి. ఖర్చంతా పైపులో ఉండదండీ, తవ్వకంలో ఉంటుంది. ఆ కొండల్లో మూడడుగులు తవ్వితే గునపం ఖంగుమంటుంది. ఒకసారి పూడ్చాక ‘అయ్యో, పెద్దది వేయాల్సింది’ అనుకుంటే మళ్లీ అదే కూలి, అదే రాయి. పిల్లలు పెద్దవుతారు, నాలుగు మొక్కలు పెడతారు. నీళ్ల దగ్గర పిసినారితనం పనికిరాదు.

లెక్కల మాస్టారు
ఫిట్టరు గారూ, పైపు ఎంత మోయగలదన్నది తరువాతి మాట. ఊట ఎంత ఇస్తుందో ముందు తెలియాలి కదా? పొలంగట్టు గారూ, ఒక బకెట్టు పెట్టి చూశారా?

పొలంగట్టు
మే మూడో వారంలో చూశాను. 15 లీటర్ల బకెట్టు నిండటానికి రెండున్నర నిమిషాలు పట్టింది.

లెక్కల మాస్టారు
అంటే నిమిషానికి 6 లీటర్లు. రోజంతా పట్టుకుంటే 8,640 లీటర్లు. పట్టణాల్లో మనిషికి 135 లీటర్ల లెక్క వాడతారు. అలా చూసినా ఆరుగురికి 810, ఆవులకు ఇంకో 120 అనుకుందాం. వెయ్యి లీటర్లు దాటదు.

ఇక పైపు. అంగుళం పైపు అంటే 32 మిల్లీమీటర్ల నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) చుట్ట తీసుకుంటే ఆ కొలత బయటిది. లోపల సుమారు 28 ఉంటుంది. నిమిషానికి 18 లీటర్లు పారినా ప్రతి 100 మీటర్లకు రాపిడి వల్ల పోయేది సుమారు 1.2 మీటర్ల ఎత్తు, మొత్తం 600 మీటర్లకు ఏడున్నర లోపే. మీకు 12 ఉంది. అసలు ఊట ఇచ్చేదే ఆరు లీటర్లు. చెంబుతో పోసే నీటికి కాలువ తవ్వడం ఎందుకు?

భీమిలి రైతు
మాస్టారి లెక్కతో నేను దెబ్బతిన్నాను. మా బావి నుంచి గుట్టమీది ట్యాంకుకు అంగుళం పైపు వేశాను. మోటారు గంటలకొద్దీ మూలుగుతుంది, ట్యాంకు నిండదు. రెండేళ్లకు పైపు మార్చాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

లెక్కల మాస్టారు
మీది మోటారు పంపే నీరు, రాపిడికి రోజూ కరెంటు బిల్లు కట్టాలి. అక్కడ పెద్ద పైపే న్యాయం. వారిది పల్లానికి తనంతట పారే నీరు, పైగా 24 గంటల సమయం ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

పాత ఫిట్టరు
ఒప్పుకుంటాను, కానీ చిన్న పైపులో ప్రెషర్ ఎక్కడ వస్తుంది? స్నానానికి నిలబడితే బొట్లు బొట్లుగా రాలితే ఏం చేస్తారు?

మాధవధార వాసి
ఈ ఒక్క అపోహ వల్ల మన ఊళ్లో ఎన్ని గోడలు పగలగొట్టారో! కుళాయి కట్టి ఉంచితే, ప్రెషర్ ఎత్తును బట్టే ఉంటుంది, పైపు లావును బట్టి కాదు. 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. కుళాయి తిప్పాక తగ్గేది మాత్రం పైపు లావును బట్టి. అందుకే దిబ్బ మీద రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టుకోవాలి. ఊట నుంచి ట్యాంకుకు సన్న పైపు, రాత్రింబవళ్లు చుక్కచుక్కగా నింపుతుంది. ట్యాంకు నుంచి ఇంటికి మాత్రం ఒకటిన్నర అంగుళం. ఒకేసారి షవరు, వంటింటి కుళాయి, ఆవుల తొట్టి తిప్పేది అక్కడే. కొట్టాయన చెప్పినట్టు లావు పైపు కావలసింది ట్యాంకు నుంచి ఇంటికి ఉన్న ఆ కాస్త దూరానికే.

ఇంకో మాట. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరులో విశాఖ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు మూగబోయాయి. అప్పటి నుంచి పైన నిల్వ ఉన్న నీటినే నేను నమ్ముతాను.

పొలంగట్టు
ట్యాంకు ఆలోచన బాగుంది. ఒక విషయం చెప్పడం మరిచాను. ఊట నుంచి 400 మీటర్లు వచ్చాక చిన్న గట్టు ఎక్కి దిగాలి. ఆ గట్టు ఊటకన్నా 2 మీటర్లే కింద ఉంది.

లెక్కల మాస్టారు
ఇది ముందే చెప్పాలి కదండీ! నా లెక్క సగం తిరగబడింది. చివరి 12 మీటర్లు చూసి మురిసిపోయాను, నిజానికి ఇప్పుడు తీర్పు చెప్పేది ఆ గట్టు. అక్కడికి చేరేలోపు ఖర్చు పెట్టుకోగలిగేది 2 మీటర్లే. 32 పైపులో దాంతో గట్టు దాటేది నిమిషానికి 11 లీటర్ల దాకా. అంతకు మించి లాగితే గట్టు మీద పైపు లోపల వాతావరణం కన్నా తక్కువ ఒత్తిడి ఏర్పడి, కీళ్ల గుండా గాలి పీలుస్తుంది. మే నెల ఆరు లీటర్లకు పరవాలేదు. కానీ వానాకాలపు ఊటను వాడుకోవాలంటే ఫిట్టరు గారి మాటలో బలం ఉంది. గట్టు దాకా 40 మిల్లీమీటర్లది వేయండి, లోపల 35 వస్తుంది, రాపిడి మూడో వంతుకు పడిపోతుంది. గట్టు దిగాక 32 చాలు.

పాత ఫిట్టరు
ఇప్పుడు దారికొచ్చారు! గట్టు మీద మూడు మూతుల జాయింటు, అదే ‘టీ’, ఒకటి పెట్టి గాలిని వదిలే వాల్వు బిగించండి, లేకపోతే గాలి పట్టేసి, పైపు నిండా నీళ్లున్నా చివర చుక్క రాదు. ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, పైపు మూతి నీటి మట్టానికి అడుగు లోపల ఉండేలా జాలీ తొడగండి. ఆ ఎర్రమట్టి వానాకాలంలో ఊరికే ఉండదు. పల్లంలో పేరుకున్న మట్టిని కడిగి వదలడానికి ఒక వాషౌట్ వాల్వు పెట్టండి. అయినా రెండు అంగుళాలది వేస్తే ఇవన్నీ...

మాధవధార వాసి
అక్కరలేదంటారా? రెండు అంగుళాల గొట్టంలో ఆరు లీటర్ల నీరు నడక కూడా నడవదు, పాకుతుంది. మట్టి అడుగున పేరుకుంటుంది, గాలి గట్టు మీదే కూర్చుంటుంది. పైగా వెయ్యి లీటర్లకు పైగా నీరు పైపులోనే నిలిచి ఉంటుంది. లావు పైపుకే ఆ వాల్వులు ఎక్కువ అవసరం.

భీమిలి రైతు
ఫిట్టరు గారి తవ్వకం మాట మాత్రం తీసిపారేయకండి. బండి దారి దాటే చోట, రాయి తగిలే చోట నాలుగు అంగుళాల గొట్టం తొడుగుగా పూడ్చి, అందులోంచి మీ సన్న పైపు లాగండి. రేపు రెండోది కావాలంటే అదే దారిన దూర్చవచ్చు.

పొలంగట్టు
40, 32 చుట్టలు చెప్పేశాను. ట్యాంకు దగ్గరి వాల్వు పూర్తిగా తెరవాలా?

లెక్కల మాస్టారు
వద్దు. గట్టు దగ్గర టీకి చెవి ఆనించండి. గాలి పీల్చే చప్పుడు ఆగేవరకు ట్యాంకు వాల్వు కొద్దికొద్దిగా మూయండి. ఆ సందుకు గుర్తుగా హ్యాండిల్ మీద పెయింటు గీత పెట్టుకోండి.