అప్‌డేట్: ‘ఫెంటాస్టిక్ ప్లానెట్’ పాటల మధ్య ఖాళీ పోయింది

అమెరికన్ రాక్ బ్యాండ్ ఫెయిల్యూర్ 1996 ఆల్బమ్ ‘ఫెంటాస్టిక్ ప్లానెట్’ను సీడీ నుంచి ఎంపీ3లోకి మారిస్తే పాటల మధ్య చిన్న నిశ్శబ్దం ఎందుకొస్తోందని అడిగాను కదా, సమస్య తీరింది.

ఎంపీ3 ధ్వనిని ఫ్రేములనే ముక్కలుగా విడగొడుతుంది, ఒక్కో ఫ్రేమ్‌కు 1152 శాంపిల్స్ (ధ్వని కొలతలు). పాట దానికి సరిగ్గా సరిపోదు కాబట్టి ఎన్‌కోడర్ (ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్) మొదట్లో, చివర్లో నిశ్శబ్దం నింపుతుంది. నాణ్యత తగ్గకుండా దాచే ఫైల్ రకమైన ఫ్లాక్‌లో ఆ నింపుడు లేదు. సీడీని మళ్లీ ఫ్లాక్‌లోకి రిప్ చేసి, ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (ఖాళీ లేకుండా వాయించడం) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగా మరోటి పెరగడం) సున్నా పెట్టాక అతుకు వినపడట్లేదు. పాత ఎంపీ3లనే ఫ్లాక్‌గా మారిస్తే లాభం ఉండదు, ఖాళీ కూడా వెంట వస్తుంది.

17 ట్రాకుల్లో ‘సెగ్వే’ పేరుతో మూడు వాద్య ఖండికలున్నాయి. పాటలను కలిపేవి అవే, అందుకే షఫుల్ వద్దు. గ్రంజ్ అనే రాక్ శైలి హోరు తగ్గే వేళకు వచ్చి ఇంత మంచి రికార్డు మరుగున పడిపోవడం నిజంగా అన్యాయం.