బాపు ఎమ్మారై రిపోర్టు గురించి తెలిసినవాళ్లు చెప్పరా?

మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 61 ఏళ్లు, బీపీ ఎప్పటినుంచో ఉంది. నాలుగు నెలల కింద పొద్దున చాయ్ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారింది, మాట ముద్దయింది. వరంగల్ తీసుకుపోతే వెంటనే సీటీ తీశారు. మెదడు లోతున ఉండే థాలమస్ అనే భాగంలో, ఎడమవైపు రక్తస్రావం అన్నారు. ఆపరేషన్ అవసరం పడలేదు.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కానీ కుడి అరచేతిలో ఒకటే మంట. చల్లనీళ్లు తగిలినా చెయ్యి లాక్కుంటాడు. అంగీ గుండీలు చూస్తూనే పెట్టుకోవాలి, చూపు పక్కకు పోతే గుండీ దొరికిందో లేదో వేళ్లకు తెలియదు. ఒంటి స్పర్శ థాలమస్ మీదుగానే మెదడు పైపొరకు చేరుతుందని చదివాక, కారణం కొంత అర్థమైంది.

పోయిన వారం ఎమ్మారై తీయించాం. రక్తం జాడలు బాగా చూపే ఎస్‌డబ్ల్యూఐ అనే రకం ఎమ్మారై చిత్రాల్లో థాలమస్ దగ్గర పాత రక్తం మరక నల్లగా కనిపించింది. దాంతోపాటు మెదడు లోతునే ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగంలో మూడు మైక్రోబ్లీడ్స్ (చాలా చిన్న రక్తస్రావాల గుర్తులు) ఉన్నాయని రాశారు. ఇవి సీటీలో కనిపించవట. అంటే ముందునుంచే ఉన్నవేనా, కొత్తగా వచ్చినవా? రక్తం గడ్డకట్టకుండా గుండె కోసం అప్పటిదాకా వాడిన ఆస్పిరిన్ ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని న్యూరాలజిస్టును ఏమేం అడగాలి?

ఇంట్లో ఎవరికైనా థాలమస్ దెబ్బతిని ఇలాంటి మంట వచ్చిందా? ఏ మందుతో, ఎన్నాళ్లకు తగ్గింది? ఫిజియోథెరపీతో వేళ్లకు స్పర్శ తిరిగొచ్చిందా? రాత్రిళ్లు చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నాడు, చూడలేకపోతున్నాను. దయచేసి చెప్పండి.